వావిలాల గోపాలకృష్ణయ్య
గుంటూరు ప్రాంతపు స్వాతంత్ర్య సమరయోధుడు, శాసనసభ్యుడు (1906–2003). గ్రంథాలయోద్యమంలోనూ పనిచేశారు. సత్తెనపల్లి ఓటర్లు 1952 నుంచి ఆయన్ను వరుసగా నాలుగుసార్లు సభకు పంపారు. మొదటిసారి వెళ్లింది మద్రాసు శాసనసభకు. పల్నాడు మెట్ట రైతుకు కృష్ణా నీళ్లు అందాలన్నది ఆయన పట్టుదల. నందికొండ ప్రాజెక్టు కోసం ఊరూరా తిరిగి ప్రజాభిప్రాయం కూడగట్టారు. ఆ ప్రాజెక్టే నేటి నాగార్జునసాగర్. దాని చరిత్రలో ఆయన పేరు విడిచిపెట్టడం అన్యాయం. మద్యనిషేధానికీ గట్టిగా నిలబడ్డారు. పదవీకాలం ముగిశాక కూడా ఖద్దరు బట్టలతో, చేతిసంచితో, అదే నిరాడంబరతతో జనం మధ్య తిరిగారు. అధికార భాషా సంఘం తొలి అధ్యక్షుడిగా పాలనలో తెలుగు కోసం శ్రమించారు. 1992లో పద్మభూషణ్ అందుకున్నారు.