కళాఛాయాచిత్రం: ప్రతి, సంతకం, విలువ

పల్లెటూళ్ళలో ఛాయాచిత్రమనగానే పెళ్ళి ఆల్బమో, గతించిన పెద్దల పటమో స్ఫురిస్తుంది. తమవారెవరూ లేని చిత్రాన్ని సొమ్ము చెల్లించి కొని గోడకు తగిలించుకోవడం చాలామందికి నేటికీ వింతే. ‘మీట నొక్కితే వచ్చే బొమ్మ, ఎన్ని కావాలంటే అన్ని తీయవచ్చు, దానికింత ధర ఏమిటి?’ అన్న ప్రశ్న సహజమైనది. ఛాయాచిత్రాన్ని కళగా కొనే అలవాటు ఎదిగిన చరిత్ర యావత్తూ ఈ ప్రశ్నకు సమాధానం వెదకిన చరిత్రే.

ఒక్కటే బొమ్మ నుండి అనేక ప్రతులకు

1839లో ఫ్రాన్సులో ప్రకటితమైన డాగెర్ పద్ధతిలో వెండిపూత పూసిన రాగిరేకు మీద ఒకే ఒక్క చిత్రం ఏర్పడేది. దానికి ప్రతి ఉండదు. ఇంగ్లండుకు చెందిన టాల్బట్ 1841లో హక్కు పొందిన పద్ధతిలో మొదట నెగటివు, దాని నుండి ఎన్నైనా ప్రతులు వచ్చాయి. ఛాయాచిత్రం పదిమందికీ అందుబాటులోకి రావడానికీ, ‘ఇది కళ కాదు, నకలు’ అన్న ఆక్షేపణకూ ఈ ఒక్క సౌలభ్యమే మూలం.

ఆ ఆక్షేపణను ఎదిరించినవారిలో ముఖ్యుడు అమెరికాకు చెందిన ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్. ఆయన 1905లో న్యూయార్కులో చిన్న ప్రదర్శనశాల తెరచి, ఛాయాచిత్రాలను వర్ణచిత్రాలతో సమానంగా గోడలపై నిలిపాడు. 1940లో ఆ నగరంలోని ఆధునిక కళా మ్యూజియం ఛాయాచిత్రాలకు ప్రత్యేక విభాగాన్ని నెలకొల్పింది.

మన ప్రాంతంతో ముడిపడిన పేరు రాజా దీన్‌దయాళ్ (1844-1905). మీరట్ సమీపంలోని సర్ధనాలో జన్మించిన ఈయన ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికింద్రాబాదులో స్టూడియో నడిపాడు. 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం, ఒక మహిళ నిర్వహణలో ప్రత్యేక స్టూడియో కూడా ఏర్పాటు చేశాడు. కోటలు, కట్టడాలు, దర్బారు దృశ్యాల ప్రతులను ఆయన సంస్థ విక్రయించేది. ఆయన గాజుపలకల నెగటివులు 2,800కు పైగా నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి.

ఒక నెగటివు, పదమూడు వందల ప్రతులు

ప్రతి విలువ ఎలా పెరుగుతుందో తెలుసుకోవడానికి ఆన్సెల్ ఆడమ్స్ (1902-1984) ఉదాహరణ చాలు. 1941 నవంబరు 1న న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ గ్రామం వద్ద, సమాధుల శిలువలపై చివరి ఎండ పడుతుండగా, ఆకాశంలో చంద్రుడు ఉండగా ఆయన ఒక చిత్రం తీశాడు. కాంతిని కొలిచే పరికరం చేతికందలేదు. చంద్రుని ప్రకాశం తనకు తెలిసిన లెక్క కనుక దానితోనే వెలుగును నిర్ణయించుకున్నాడు. రెండవ చిత్రం తీయబోయేసరికి ఎండ జారిపోయింది.

ఆ ఒక్క నెగటివు నుండి జీవితకాలంలో పదమూడు వందలకు పైగా ప్రతులను ఆయన చీకటిగదిలో తయారు చేశాడు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆకాశాన్ని మరింత నల్లగా తీర్చాడు. అంటే నెగటివు ఒకటే అయినా, ప్రతి ప్రతిలోనూ ఆయన నిర్ణయం ఉంది. 1948 నాటి ఒక ప్రతి 2006లో వేలంలో 6,09,600 డాలర్లు పలికింది.

అరుదుదనం, మాట తప్పకపోవడం

తరువాతి తరం కళాకారులు ప్రతుల సంఖ్యను ముందే ప్రకటించే పద్ధతిని అలవరచుకున్నారు. దీనినే పరిమిత ప్రతుల పద్ధతి అంటారు. చిత్రం కింద గాని, వెనుక గాని ‘3/10’ అని ఉంటే, పదింటిలో అది మూడవదని అర్థం. జర్మనీకి చెందిన ఆండ్రియాస్ గుర్స్కీ 1999లో చేసిన రైన్ నది చిత్రానికి ఆరు ప్రతులే. వాటిలో ఒకటి 2011లో 43 లక్షల డాలర్లకు అమ్ముడయింది. మాన్ రే 1924లో తీసిన చిత్రపు తొలినాటి ప్రతి 2022లో ఒక కోటి 24 లక్షల డాలర్లు పలికింది.

ఈ పద్ధతి అంతా నమ్మకం మీద నిలిచినది. విలియం ఎగల్‌స్టన్ తన పాత చిత్రాలను పెద్ద పరిమాణంలో, కొత్త డిజిటల్ పద్ధతిలో ముద్రించి 2012లో విక్రయించగా, పూర్వం పరిమిత ప్రతులు కొన్న ఒక సేకర్త న్యాయస్థానానికి వెళ్ళాడు. అవి వేరే ముద్రణ కిందకు వస్తాయని 2013లో వ్యాజ్యం కొట్టివేయబడింది. కనుక కొనేవారు ప్రతుల సంఖ్యతోపాటు, ఇతర పరిమాణాలలో ముద్రించే ఉద్దేశముందా అన్నదీ రాతపూర్వకంగా తెలుసుకోవడం మేలు.

ప్రతి నాణ్యత

మన్నికకు కాగితమూ సిరా ప్రధానం. నలుపు తెలుపు చిత్రాలకు వెండి లవణాల కాగితం, రంగుల చిత్రాలకు ఆమ్లరహితమైన నూలు కాగితంపై వర్ణకపు సిరా శ్రేష్ఠమని పేరు. దగ్గరనుంచి చూసే చిత్రానికి అంగుళానికి 300 చుక్కలు పరిపాటి. ఈ లెక్కన 12×18 అంగుళాల ప్రతికి 3,600×5,400, అనగా సుమారు 1.94 కోట్ల చుక్కలు కావాలి. చిత్రానికి నేరుగా ఎండ, తేమ తగలరాదు. అద్దం చిత్రానికి అంటుకొనకుండా నడుమ మందపాటి అట్ట చట్రం ఉండాలి.

చట్టం చెప్పేది

1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఛాయాచిత్రం తీసినవారే సాధారణంగా దాని హక్కుదారు. 2012 సవరణ తరువాత ఆ హక్కు వారి జీవితకాలమూ, ఆపైన 60 ఏళ్ళూ ఉంటుంది. అయితే సొమ్ము చెల్లించి తీయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేనపుడు, తీయించుకున్నవారే తొలి హక్కుదారులు. పెళ్ళి చిత్రాల విషయంలో కుటుంబాలు గుర్తుంచుకోవలసిన అంశమిది. ప్రతి కొన్నంత మాత్రాన కాపీరైటు రాదు. వర్ణచిత్రం, శిల్పం వంటివి పదివేల రూపాయలకు మించి తిరిగి అమ్ముడయితే కర్తకు వాటా కల్పించే నిబంధన చట్టంలో ఉంది గాని, అందులో ఛాయాచిత్రాల ప్రస్తావన లేదు. కాబట్టి తొలి విక్రయంలో వచ్చేదే కళాకారునికి దక్కేది.

చూడదగిన చోట్లు

హైదరాబాదులో 2015 నుండి భారతీయ ఛాయాచిత్ర ఉత్సవం, చెన్నైలో 2016 నుండి ఛాయాచిత్ర ద్వైవార్షికోత్సవం మొదలయ్యాయి. బెంగళూరులో కళా, ఛాయాచిత్ర మ్యూజియం 2023 ఫిబ్రవరిలో సొంత భవనంలో ప్రారంభమయింది. సరిహద్దు జిల్లాలవారికి ఈ మూడు నగరాలూ మరీ దూరం కావు. చిత్రాలు తీసే యువతీయువకులు వాటిని అమ్మజూపడానికి ముందు, చక్కగా ముద్రించిన ప్రతిని ఒకసారి ఎదుట నిలబడి చూడడం అవసరం. ఫోను తెరపై కనిపించే బొమ్మకూ గోడపై నిలిచే చిత్రానికీ గల తేడా అక్కడే తెలుస్తుంది. సంతకం చేసి, సంఖ్య వేసి, ఆ సంఖ్యకు కట్టుబడినపుడే ప్రతికి విలువ సమకూరుతుంది.