మిగిలిన పులిహోర, సాంబారన్నం కుక్కకు పెడుతున్నారా? చింతపండుతో కిడ్నీలకే ముప్పు!

ఇంట్లో అన్నం మిగిలితే పారేయడానికి ఎవరికీ మనసొప్పదు. గేటు దగ్గర తోకాడిస్తూ నిలబడ్డ కుక్కకు పెట్టేస్తుంటారు. ఉస్మానియా యూనివర్సిటీ హాస్టళ్ల దగ్గరైనా, పక్కనే ఉన్న తార్నాక గల్లీల్లోనైనా ఇది మామూలే. పెట్టేది ప్రేమతోనే. కానీ ఆ అన్నంలో కలిసిన చింతపండు, ఉల్లిగడ్డ కుక్క ప్రాణం మీదికి తేవచ్చు.

ద్రాక్ష, కిస్‌మిస్ తింటే కుక్కల కిడ్నీలు దెబ్బతింటాయని వెటర్నరీ డాక్టర్లకు ముందే తెలుసు. ఎందుకన్నది మాత్రం ఏళ్ల తరబడి అంతుపట్టలేదు. బేకింగ్‌లో వాడే క్రీమ్ ఆఫ్ టార్టార్ తిన్న కుక్కల్లో, చింతపండు తిన్న కుక్కల్లో కూడా అచ్చం ఇదే సమస్య బయటపడింది. దీంతో అన్నింట్లోనూ ఉండే టార్టారిక్ యాసిడ్‌పై అమెరికా నిపుణుల అనుమానం పడింది. ఆ కేసుల వివరాలు 2022లో ఓ వెటర్నరీ జర్నల్‌లో వచ్చాయి. అంటే పాయసంలో కిస్‌మిస్ ఏరేసి పెడితే సరిపోదు. పులిహోర, సాంబారు, పచ్చిపులుసు కూడా వద్దన్నమాట. ఎంత తింటే ప్రమాదమన్న కచ్చితమైన లెక్క లేదు. మొదట వాంతులవుతాయి. ఒకటి నుంచి మూడు రోజుల్లో కిడ్నీలు దెబ్బతిని మూత్రం తగ్గిపోవచ్చు.

ఇక ఉల్లిగడ్డ లేని కూర మన ఇళ్లల్లో అరుదు. ఇది కుక్క రక్తంలోని ఎర్ర కణాలను పగలగొడుతుంది. కిలో బరువుకు 15 గ్రాములు దాటితే ప్రమాదమే. 10 కిలోల కుక్కకైతే 150 గ్రాములు, అంటే ఒకటి రెండు ఉల్లిగడ్డలు. వండినా, వేయించినా, పొడి చేసినా ఆ గుణం పోదు. వెల్లుల్లి ఇంకా ఘాటు. తిన్నరోజు కుక్క బాగానే ఉంటుంది, చిక్కంతా అక్కడే. కొద్దిరోజులకు చిగుళ్లు పాలిపోతాయి, మూత్రం ముదురు రంగులో వస్తుంది.

చాక్లెట్ సంగతి చాలామందికి తెలిసిందే. షుగర్‌ఫ్రీ చూయింగ్‌గమ్‌లో ఉండే జైలిటాల్ అయితే గంటలోపే షుగర్‌ను పడగొట్టేస్తుంది. బిర్యానీలో ఉడికిన బొక్కలు చీలికలై గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి.

పొరపాటున తినేస్తే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించొద్దు. ఆ ఉప్పే విషమవుతుంది. ఏం తిన్నది, ఎంత, ఎప్పుడు అన్నది గుర్తుపెట్టుకుని వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. డాక్టర్ వాంతి చేయించి విషం బయటకు తీయగలిగేది తిన్న కొద్ది గంటల్లోపే. తార్నాక వాళ్లకు నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల దగ్గర్లోనే ఉంది.

మరి ఏం పెట్టాలి? తెల్లన్నంలో ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన బొక్కల్లేని చికెన్ గానీ, గుడ్డు గానీ కలిపి పెట్టొచ్చు. తాలింపు లేని పెరుగన్నమైనా పర్వాలేదు. కూర కలపకముందే ఓ గిన్నెడు అన్నం పక్కన తీసిపెడితే పనైపోతుంది.