788 చెరువుల నది

1908 సెప్టెంబరు 28 వరద గురించి హైదరాబాద్‌లో ఎవరినడిగినా అఫ్జల్‌గంజ్ చింతచెట్టు కథే చెప్తారు. ఆ చెట్టెక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారట. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ మాత్రం తల్లినీ భార్యనీ కూతురినీ ఆ నీళ్ళలో పోగొట్టుకుని ఒక్కడే బతికాడు. ఇవన్నీ నగరం ఒడ్డున నిలబడి చూసిన కథలు. ఎగువ నుంచి మొదలయ్యే కథ ఇంకోటుంది. దాన్ని మనకు చెప్పింది ఒక ఇంజినీరు.

నిజాం ప్రభుత్వం పిలిస్తే మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1909లో వచ్చాడు. ఆయన నగరంలో గట్లు చూసి ఊరుకోలేదు, పైన ఏముందో లెక్క తీశాడు. నగరానికి ఎగువన మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు. అంటే దాదాపు ప్రతి చదరపు మైలుకూ ఒకటి! ఆ వరదలో వాటిలో 221 తెగిపోయాయి.

ఈ అంకె దగ్గర కాస్త ఆగాలి. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే మత్తడి దుంకి నీళ్ళు కింది చెరువులోకి పోతాయి, అది నిండితే దాని కిందికి. మామూలు వానల్లో ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు: నీటిని నిలబెడుతుంది, నెమ్మదిగా వదుల్తుంది. కానీ కుంభవృష్టిలో పైన ఒక కట్ట తెగిందంటే చెరువెడు నీళ్ళు ఒక్కసారిగా కింది కట్ట మీద పడతాయి. అదీ తెగుతుంది. వానకి ఇలా చెరువులు కూడా తోడై నగరం మీదికొచ్చాయి. పైన చెరువులు పదిలంగా లేకపోతే కింద గట్టు ఎంత ఎత్తు కడితే ఏం లాభం?

అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ, దక్షిణం నుంచి వచ్చే ఈసీ లంగర్‌హౌజ్ బాపూఘాట్ దగ్గర కలుస్తాయి. ఆ సంగమానికి ఎగువనే, ఒక్కో పాయ మీద ఒక్కో జలాశయం కట్టారు: మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీ మీద హిమాయత్‌సాగర్ (1927). నేనైతే వాటిని 789, 790వ చెరువులుగా లెక్కేసుకుంటాను. గొలుసు చివర వరదని ఆపుకునే రెండు పెద్ద చెరువులు. తాగునీళ్ళు కూడా ఇచ్చాయి, బాగా ఇచ్చాయి. చిక్కు అక్కడే వచ్చింది. అవి తాగునీటి కోసమే పుట్టాయని నగరం అనుకోవడం మొదలుపెట్టింది.

1996లో వచ్చిన 111 జీవో ఈ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో పరిశ్రమల్నీ పెద్ద కట్టడాల్నీ అడ్డుకుంది. 2022లో ఆ ఆంక్షల్ని ఎత్తేశారు. కృష్ణా గోదావరి జలాలు వస్తున్నాయి, జంట జలాశయాల నీటి అవసరం పెద్దగా లేదన్నారు. సరే, కుళాయి లెక్కలో అది నిజమే. వరద లెక్కలో? పొలం, చెలక, చెరువు శిఖం ఉన్న చోట కాంక్రీటు వస్తే, ఇంకే నీరు తగ్గి పారే నీరు పెరుగుతుంది. దాన్ని ఆపాల్సింది మళ్ళీ ఆ రెండు కట్టలే.

ఇప్పుడు మూసీ పునరుజ్జీవనం అంటున్నారు. నగరంలో 55 కిలోమీటర్ల తీరం, నడకదారులు, వంతెనలు. మురుగునీటి శుద్ధి ఎప్పుడో జరగాల్సింది, దానికి నేను అడ్డు చెప్పను. కానీ నది బాగుపడాలంటే ఆ 788లో ఎన్ని మిగిలాయి, ఏ మత్తడి ఏ కాలనీ గోడకి ఆగిపోయింది అన్నదే ముందు తేల్చాల్సిన లెక్క. 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల గేట్లెత్తినప్పుడు మూసీ మధ్యలో కట్టుకున్న మహాత్మాగాంధీ బస్ స్టేషన్లోకి నీళ్ళొచ్చాయి. ఆ రాత్రి జనాన్ని తాళ్ళు పట్టించి బయటికి తెచ్చారు.