రేడియోలో వచ్చిన బడి

మా మేనకోడలు ఆస్ట్రేలియాలో చదువుకుంటూ, సాయంత్రాలు ఒక షాపులో పని చేస్తోంది. మొన్న ఫోన్‌లో "అత్తా, ఇక్కడ ఊరు దాటితే మనిషే కనపడడు" అంది. నిజమే మరి. ఆ దేశం మన తెలంగాణకు 60 రెట్ల పైనే పెద్దది. 2011 లెక్కల్లో మనం 3.5 కోట్లమంది. వాళ్లు ఇప్పటికీ 3 కోట్లు దాటలేదు.

మరి అంత దూరాల్లో, పశువుల మందల మధ్య ఉండే కుటుంబాల పిల్లలు ఎలా చదువుకున్నారు? 1929 నాటికి ఆల్ఫ్రెడ్ ట్రేగర్ అనే ఆయన కాళ్లతో తొక్కితే కరెంటు పుట్టే రేడియో చేశాడు. డాక్టరును పిలవడానికి అది ఆధారమైంది. 1951లో ఆలిస్ స్ప్రింగ్స్ ఊరి నుంచి రేడియోలోనే బడి మొదలైంది.

టీచరు గొంతు వినిపించేది కాసేపే. ఆ తర్వాత పిల్లల్ని కూర్చోబెట్టి రాయించడం, తప్పులు దిద్దడం ఎక్కువగా తల్లుల పనే. వంటా వార్పూ ఎలాగూ తప్పవు.

మా వనపర్తిలో 1959లో రాజావారి ప్యాలెస్‌లోనే పాలిటెక్నిక్ వచ్చింది. చదువు మా గడపలోకే వచ్చినట్టు. నాగర్‌కర్నూల్ వైపు నల్లమల పెంటల్లో చెంచు తల్లులు మాత్రం బిడ్డల్ని ఆశ్రమ పాఠశాలల్లో వదిలి, ఒంటరిగా వెనక్కి నడుస్తారు. బడి దూరమైతే ఆ బరువు తల్లి మీదే పడుతుంది, ఏ దేశమైనా.

2011లో లెక్కలకు వచ్చినాయన "ఏం పని చేస్తారమ్మా?" అంటే "ఏం లేదండీ, ఇంట్లోనే" అన్నాను. అప్పుడు నా చేతిలో మా అబ్బాయి పలక ఉంది. ఈసారి వస్తే అలా చెప్పను.