కొండ మీది జట్టు, తరలిపోయే పొరుగు

2022 డిసెంబరు 2న, వాంకూవర్‌ను ఆనుకుని ఉన్న బర్నబీ కొండ మీద, సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టు తన చిరకాల ప్రత్యర్థి బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయాన్ని 18–17తో, ఒకే ఒక్క పాయింటు తేడాతో ఓడించింది. ష్రమ్ బౌల్ అని పేరున్న ఈ పోటీ పన్నెండేళ్ళ విరామం తర్వాత ఆ రోజే మళ్ళీ జరిగింది. నాలుగు నెలలు తిరిగీ తిరగకముందే, 2023 ఏప్రిల్ 4న, ఫుట్‌బాల్‌ను తక్షణం రద్దు చేస్తున్నట్టు సైమన్ ఫ్రేజర్ యాజమాన్యం ప్రకటించింది. మైదానం ఉంది, శిక్షకులు ఉన్నారు, వసంతకాలపు సాధనకు సిద్ధమవుతున్న విద్యార్థులు వందకు చేరువలో ఉన్నారు. 2024 నుంచి ఆడడానికి లీగు మాత్రం లేదు.

ఒక విశ్వవిద్యాలయపు జట్టుకు ‘ఆడడానికి చోటు లేకపోవడం’ ఏమిటన్నది భారతదేశంలో చదువుకున్నవారికి వెంటనే బోధపడదు. అక్కడ భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం పోటీలను ప్రాంతాల వారీగా నడుపుతుంది. ఉస్మానియా అయినా, ఆంధ్రా అయినా దక్షిణ మండలంలో ఆడతాయి. పటంలో ఎక్కడున్నాయన్నదే వాటి చోటును నిర్ణయిస్తుంది. ఉత్తర అమెరికాలో అలా కాదు. అక్కడ కాన్ఫరెన్స్ అంటే సదస్సు కాదు, కొన్ని కళాశాలలు తమలో తాము ఏటా ఆడుకోవడానికి కట్టుకున్న కూటమి. ఎవరిని చేర్చుకోవాలో సభ్యులే తేల్చుకుంటారు, నచ్చకపోతే ఎవరైనా వెళ్ళిపోవచ్చు. పిల్లల క్రీడల కోసం వారాంతాలన్నీ కారులోనే గడిపే ప్రవాస తల్లిదండ్రులకు కూడా ఈ కూటములు రాసుకునే ఒప్పందాల సంగతి పెద్దగా తెలియదు. జట్టు బతుకు ఆధారపడేది మాత్రం వాటి మీదే.

ఈ కథ మొదలు 1965లో ఉంది. ఆ ఏడాది సెప్టెంబరు 9న సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయం తలుపులు తెరిచింది. ఆర్థర్ ఎరిక్సన్, జెఫ్రీ మాసీ అనే వాస్తుశిల్పుల ఊహలోంచి పుట్టిన కాంక్రీటు ప్రాంగణాన్ని రెండేళ్ళ పైచిలుకులోనే కొండ మీద నిలబెట్టినవాడు తొలి ఛాన్సలర్ గోర్డన్ ష్రమ్. భౌతికశాస్త్ర ఆచార్యుడు, అనుకున్నది అయ్యేదాకా ఊరుకునే మనిషి కాదు. పైన చెప్పిన పోటీకి పెట్టింది ఆయన పేరే. క్రీడల విభాగాన్ని లార్న్ డేవిస్‌కు అప్పగించారు. కొత్త విశ్వవిద్యాలయానికి వెంటనే పేరు రావాలంటే క్రీడలు దగ్గరి దారి అన్నది వారి లెక్క.

ఆ లెక్కలోనే చిక్కూ ఉంది. కెనడా విశ్వవిద్యాలయాల క్రీడాసంఘం అప్పట్లో ఆటగాళ్ళకు ఆట పేరిట స్కాలర్‌షిప్పులు ఇవ్వడాన్ని ఒప్పుకునేది కాదు. విద్యార్థి ముందు, ఆటగాడు తర్వాత అన్నది వారి వాదం. అమెరికా కళాశాలల క్రీడావ్యాపారం తమ దేశానికి పాకకూడదన్న పట్టుదల కూడా అందులో ఉంది. డేవిస్ ఆలోచన దీనికి ఎదురు. కెనడా పిల్లల్లో మెరికలు స్కాలర్‌షిప్పుల కోసం సరిహద్దు దాటి వెళ్ళిపోతున్నారు. ఆ డబ్బు ఇక్కడే ఇస్తే ఇక్కడే ఉంటారు కదా అని. అలా ఇవ్వడం మొదలుపెట్టిన జట్టుకు స్వదేశపు లీగులో చోటు లేకపోయింది. పిల్లలను దక్షిణానికి పోకుండా ఆపాలని మొదలైన ప్రయత్నం జట్టునే దక్షిణానికి పంపింది. చిన్న కళాశాలలకు ఆశ్రయంగా ఉన్న ఎన్ఏఐఏ అనే అమెరికన్ సంఘంలో సైమన్ ఫ్రేజర్ చేరి, వాషింగ్టన్, ఒరెగాన్ రాష్ట్రాల కళాశాలలతో ఆడడం మొదలుపెట్టింది.

ఆ నిర్ణయాన్ని ఈనాడు తప్పుబట్టడం తేలిక, న్యాయం మాత్రం కాదు. దాదాపు మూడు దశాబ్దాల పాటు అది బాగానే పనిచేసింది. పురుషుల సాకర్ జట్టు 1976, 1982, 1983లలో ఎన్ఏఐఏ జాతీయ విజేతగా నిలిచింది. ఫుట్‌బాల్‌లో ఇక్కడినుంచి వెళ్ళిన లూయీ పసాలియా బ్రిటిష్ కొలంబియా లయన్స్ తరఫున 25 సీజన్లు ఆడాడు. బాస్కెట్‌బాల్ ఆడిన జే ట్రియానో తర్వాత టొరాంటో రాప్టర్స్‌కు శిక్షకుడై, ఎన్‌బీఏలో ఆ పదవికి చేరిన తొలి కెనడియన్ అయ్యాడు. ఈ విశ్వవిద్యాలయపు కుస్తీ గదిలో తయారైన డేనియల్ ఇగాలీ 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కెనడాకు స్వర్ణం తెచ్చాడు. రిచ్‌మండ్‌కు చెందిన పంజాబీ కుర్రాడు అర్జన్ భుల్లర్ అదే గదిలో పెరిగి, 2010లో ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడల్లో కెనడా తరఫున బంగారు పతకం గెలిచాడు. జూనియర్ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడుతూ, 1977లో మోకాలిపై ఎముక క్యాన్సర్‌తో కుడికాలు పోగొట్టుకున్న టెర్రీ ఫాక్స్ కూడా ఈ కొండ మీది విద్యార్థే. 1980లో కృత్రిమపాదంతో 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పరుగెత్తి, ఊపిరితిత్తులకు వ్యాధి పాకాక థండర్ బే దగ్గర ఆగిపోయాడు. ఇక్కడి మైదానానికి అతని పేరే పెట్టారు.

1990లలో పొరుగు కదిలింది. వెస్టర్న్ వాషింగ్టన్, సెంట్రల్ వాషింగ్టన్ వంటి పాత ప్రత్యర్థులు ఎన్ఏఐఏను వదిలి ఎన్‌సీఏఏ రెండో డివిజన్‌కు తరలిపోయాయి. ఆటలో మార్పేమీ లేదు, మైదానం ఉన్నచోటే ఉంది. బస్సు దూరంలో ఆడేవారే తగ్గిపోయారు. అప్పటికి కెనడా సంఘం కూడా మెత్తబడి, ఫీజుల మేరకు క్రీడా స్కాలర్‌షిప్పులను అనుమతిస్తోంది. 2000ల ఆరంభంలో ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ వంటి ఆటలను సైమన్ ఫ్రేజర్ స్వదేశానికి తెచ్చి, కెనడా వెస్ట్ కాన్ఫరెన్స్‌లో చేర్చింది. మహిళల బాస్కెట్‌బాల్ జట్టు 2002–2010 మధ్య అయిదుసార్లు జాతీయ విజేత అయింది. ఇల్లు చేరుకున్నట్టే కనిపించింది.

అయినా మనసు దక్షిణం వైపే ఉంది. 2008లో ఎన్‌సీఏఏ రెండో డివిజన్ ఒక ప్రయోగంగా కెనడా సంస్థలకు తలుపు తీసింది. సైమన్ ఫ్రేజర్‌తో పాటు బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం కూడా ఆ తలుపు వైపు చూసింది. 2009 జులైలో సైమన్ ఫ్రేజర్ దరఖాస్తు ఆమోదం పొందింది. ఎన్‌సీఏఏ చరిత్రలో అమెరికా బయటి సంస్థకు ప్రవేశం దొరకడం అదే మొదటిసారి. 2012లో పూర్తి సభ్యత్వం వచ్చింది. చేరిన కూటమి పేరు గ్రేట్ నార్త్‌వెస్ట్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్. బ్రిటిష్ కొలంబియా మాత్రం రెండేళ్ళకు పైగా తర్జనభర్జన పడి, 2011 ఏప్రిల్లో కెనడాలోనే ఉండిపోతున్నట్టు ప్రకటించింది. ఒకే నగరంలోని రెండు విశ్వవిద్యాలయాలు ఒకే ప్రశ్నకు చెరొక జవాబు చెప్పాయి. ఒకరి లీగు ఒకరికి కాకుండా పోయింది కనుక ష్రమ్ బౌల్ 2010తో ఆగిపోయింది.

పెద్ద సంఘంలో చేరడం వల్ల కలిగే లాభాలు కాగితం మీద గట్టివే: ఎక్కువ స్కాలర్‌షిప్పులు, పెద్ద పేరు, అమెరికా జట్లతో పోటీ. దరఖాస్తు కాలంలో తగినంత పట్టించుకోని సంగతి ఒకటుంది. సైమన్ ఫ్రేజర్‌కు ఆమోదం రావడానికి ఆరు నెలల ముందే, 2009 జనవరిలో, సరిహద్దుకు అవతల బెల్లింగ్‌హామ్‌లో ఉన్న వెస్టర్న్ వాషింగ్టన్ తన ఫుట్‌బాల్ జట్టును రద్దు చేసుకుంది. ఏ పొరుగువాడితో ఆడుకోవచ్చని ఆ ఇంట్లో దిగారో, ఆ పొరుగువాడు అప్పటికే ఆట మానేశాడు. 2018లో హంబోల్ట్ స్టేట్, 2020లో అజూసా పసిఫిక్ కూడా ఫుట్‌బాల్ ఆపేశాయి. చివరికి ఆ కాన్ఫరెన్స్‌లో ఫుట్‌బాల్ ఆడేవారు మూడే జట్లుగా మిగిలారు: సెంట్రల్ వాషింగ్టన్, వెస్టర్న్ ఒరెగాన్, సైమన్ ఫ్రేజర్.

ముగ్గురితో లీగు నడవదు. 2022 నుంచి ఆ మూడూ ఫుట్‌బాల్ వరకు లోన్ స్టార్ కాన్ఫరెన్స్‌లో అనుబంధ సభ్యులయ్యాయి. ఆ కూటమి గుండెకాయ టెక్సస్. బర్నబీ కొండ నుంచి ఆ లీగులోని కింగ్స్‌విల్‌కు ఆకాశమార్గాన 3,000 కిలోమీటర్లకు పైగా దూరం. భారతదేశపు ఉత్తర దక్షిణ కొసల మధ్య దూరం 3,214 కిలోమీటర్లని గుర్తు చేసుకుంటే ఆ ప్రయాణం అంచనాకు వస్తుంది. దేశం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎగిరి, పాస్‌పోర్టు చూపించి, ఒక ఆట ఆడి, సోమవారం తరగతికి రావాలి. గెలుపులు అరుదయ్యాయి.

ఇక్కడ సభ్యుడికీ అనుబంధ సభ్యుడికీ ఉన్న తేడా ముఖ్యం. సభ్యుడిని బయటికి పంపాలంటే మిగిలినవారు ఓటు వేయాలి, కారణం చెప్పాలి. అనుబంధ సభ్యుడి చోటు ఒప్పందం గడువు వరకే. 2023 ఆరంభంలో, ఆ ఏటి సీజన్ తర్వాత సైమన్ ఫ్రేజర్‌తో ఒప్పందాన్ని పొడిగించబోమని లోన్ స్టార్ తెలియజేసింది. మిగిలిన రెండు జట్లు అందులో కొనసాగాయి. పొమ్మనవలసిన పని లేకుండానే, ‘మళ్ళీ పిలవం’ అన్న మాటతో ఒక ఇంటి ఆట ముగిసింది. మిగిలిన ఒక్క సీజన్ ఆడి ఆపడం ఆటగాళ్ళకు న్యాయం కాదని వాదించిన యాజమాన్యం, దాన్ని కూడా ఆడనివ్వలేదు.

ఆటగాళ్ళు ఊరుకోలేదు. కొందరు ప్రాంతీయ ఉన్నత న్యాయస్థానానికి వెళ్ళి, జట్టును పునరుద్ధరించేలా ఆదేశించమని కోరారు. 2023 మే నెలలో న్యాయస్థానం అందుకు నిరాకరించింది. పూర్వవిద్యార్థులు, లయన్స్ జట్టు, పత్రికలు గట్టిగా మాట్లాడిన మీదట విశ్వవిద్యాలయం ఒక ప్రత్యేక సలహాదారును నియమించింది. అందరి నోటా వచ్చిన ప్రశ్న ఒకటే: కెనడా వెస్ట్‌లోకి ఎందుకు తిరిగి వెళ్ళకూడదు?

ఈ ప్రశ్నకు జవాబు వినిపించినంత సులభం కాదు. మొదట, ఆటే వేరు. కెనడా ఫుట్‌బాల్‌లో 12 మంది ఆటగాళ్ళు, మూడు ప్రయత్నాలు, 110 గజాల మైదానం. అమెరికాలో 11 మంది, నాలుగు ప్రయత్నాలు, 100 గజాలు. దీన్ని దాటవచ్చు, పాత ష్రమ్ బౌల్‌లో ఒకసారి ఒక దేశపు నియమాలు, మరోసారి రెండో దేశపు నియమాలు పాటిస్తూ ఆడేవారు. అసలు అడ్డంకి సంఘాల కట్టుబాటులో ఉంది. ఫుట్‌బాల్ ఒక్కదాన్ని ఒక దేశంలో, మిగతా ఆటలన్నిటినీ మరో దేశంలో ఉంచడానికి ఈ సంఘాల నిర్మాణం అనువైనది కాదు. వస్తే అన్ని ఆటలతోనూ రావాలి. అలా వస్తే సాఫ్ట్‌బాల్, గోల్ఫ్ జట్ల మాటేమిటి? యూ స్పోర్ట్స్ అని 2016లో పేరు మార్చుకున్న కెనడా సంఘం ఆ రెండింటికీ జాతీయ పోటీలు నడపదు. ఫుట్‌బాల్ పిల్లలకు ఇల్లు వెతికే ప్రయత్నంలో మరో రెండు జట్ల పిల్లలు వీధిన పడతారు.

ఇవతలి పళ్ళెంలోనూ బరువుంది. యూ స్పోర్ట్స్‌లో ఆటగాడికి అయిదు సీజన్ల అర్హత, ఎన్‌సీఏఏలో నాలుగు. ప్రయాణం ఎంత దూరమైనా సరిహద్దు తనిఖీ లేదు. పైగా చుట్టుపక్కల కళాశాలలన్నీ ఈ మధ్యకాలంలో అటే చేరాయి: 2005లో థాంప్సన్ రివర్స్, 2006లో ఫ్రేజర్ వ్యాలీ, 2011లో బ్రిటిష్ కొలంబియా వారి ఒకనాగన్ ప్రాంగణం, 2012లో మౌంట్ రాయల్, 2014లో మెకెవన్. ఒకప్పుడు చిన్న కళాశాలల లీగుల్లో ఆడినవి తమ స్థాయి పెరిగాక, పరిశీలన దశలు దాటి ఒక్కొక్కటే పెద్ద కూటమిలోకి వచ్చాయి. వాటికి ‘పెద్దది’ అంటే పక్క ఊరి విశ్వవిద్యాలయం ఆడే లీగు. సైమన్ ఫ్రేజర్ నిఘంటువులో ‘పెద్దది’ అంటే పక్క దేశపు లీగు.

రెండు దేశాల క్రీడాసంఘాలకూ మూలాలు 1906లోనే ఉండడం విచిత్రం. 1905లో అమెరికాలో ఫుట్‌బాల్ ఆడుతూ పద్దెనిమిది మందిదాకా చనిపోయారన్న వార్తలు వచ్చి, అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ జోక్యం చేసుకున్నాక, ఎన్‌సీఏఏకు పూర్వరూపమైన సంఘం ఏర్పడింది. పిల్లల ప్రాణాలు కాపాడడానికి పుట్టిన సంస్థ అది. శతాబ్దం తర్వాత అదే చట్రంలో, వంద మంది పిల్లల సీజను ఒక ఒప్పందపు గడువు తేదీ మీద ఆధారపడింది. ఏప్రిల్ దాకా ఆగి చెప్పడంతో వేరే విశ్వవిద్యాలయాల్లో చోటు వెతుక్కునే సమయం చాలామందికి మిగలలేదు. రద్దు సరైనదా కాదా అన్నది వేరే చర్చ. ఆ తేదీని సమర్థించడం మాత్రం కష్టం.

అమెరికా ప్రయాణాల్లో మిగిలిన ఇంకో జ్ఞాపకం పేరుకు సంబంధించినది. స్కాట్లండ్ మూలాలున్న ఫ్రేజర్ పేరుకు తగినట్టు ఈ జట్లకు ‘క్లాన్’ అని పేరు. కొండ మీద అది వంశమన్న అర్థంలో వినిపించేది. సరిహద్దుకు అవతల, నల్లజాతి ఆటగాళ్ళ చొక్కాల మీద, కు క్లక్స్ క్లాన్‌గా ధ్వనించేది. ఆటగాళ్ళు పోరాడగా 2020లో ఆ పేరు తీసేశారు. 2022లో ‘రెడ్ లీఫ్స్’ వచ్చింది. కెనడా జెండా మీది ఎర్రని ఆకును పేరులో పెట్టుకున్న ఏడాదే ఫుట్‌బాల్ జట్టు టెక్సస్ లీగుకు వెళ్ళింది.

ఇతర ఆటలు గ్రేట్ నార్త్‌వెస్ట్‌లో కొనసాగాయి. 2023 శరత్కాలంలో టెర్రీ ఫాక్స్ మైదానంలో ఫుట్‌బాల్ లేదు, సాకర్ జట్లు ఆడాయి.