మజ్జిగ కోసం వచ్చిన ముసలమ్మ

పండుగపూట దయ్యాల ప్రసంగమేమిటని చదువరులు విసుగుకొనరాదు. 1990వ దశాబ్దిలో బెంగుళూరులో వున్నవారికి 'నాళె బా' సంగతి గుర్తుండే వుంటుంది. రాత్రివేళ ఒక ఆడదయ్యం వచ్చి, ఇంటివారికి తెలిసిన గొంతుతో తలుపు తట్టి పిలుస్తుందనీ, తలుపు తీసినవాడు బ్రతకడనీ వదంతి పుట్టింది. విరుగుడుగా తలుపులమీద 'నాళె బా' అని వ్రాశారు. దయ్యం అది చదువుకొని వెళ్ళిపోయి, మరునాడు వచ్చి మళ్ళీ అదే చదువుకొని పోతుందట! మన వూళ్ళలోనూ 'ఓ స్త్రీ, రేపు రా' అని వ్రాసుకొన్నారు. చదువు వచ్చిన దయ్యం గనుక సరిపోయింది.

అయితే 'రేపు రా' అన్నది మనం దయ్యాలకంటె ముందు మనుష్యులకు అలవాటు చేసిన మాట. చేబదులుకూ, పిడికెడు గింజలకూ వచ్చినవారికి చెప్పేదే అది. ఉత్తచేతులతో పోయిన మనిషి లోలోపల యేమనుకొన్నదో అన్న బెదురు మాత్రం ఇంటివారికి మిగులుతుంది. మంత్రగత్తెల కథలకు తరచు మూలం యీ బెదురేనని ఇంగ్లండు చరిత్ర చూస్తే తోస్తుంది.

ఆ దేశంలో మంత్రప్రయోగాన్ని నేరంగా యెంచిన శాసనాలు 1542, 1563, 1604 సంవత్సరాలలో వచ్చాయి. సుమారు 500 మందిని ఉరితీశారని చరిత్రకారుల అంచనా. అత్యధికులు స్త్రీలు, అందునా పేదలు, వృద్ధులు. పూర్వం గడపలోకి వచ్చినవారికి కాదనకుండా పెట్టడం ధర్మం. 1601 నాటి పేదల చట్టంతో ఆ భారం గ్రామపు పన్నుమీదికి పోయింది. ముసలమ్మ మాత్రం గడపలోకి రావడం మానలేదు. ఇంటివారు ఇవ్వక పంపేవారు. ఆపైన పసిబిడ్డకు జబ్బుచేస్తే ఆమెనే తలచుకొనేవారు. 1971లో కీత్ థామస్ అనే పండితుడు చేసిన వివరణ యిది.

1736లో ఆ శాసనాలు రద్దయ్యాయి. కాని రూత్ ఆస్‌బోర్న్ కథ ఆ తరువాతిదే. హర్ట్‌ఫర్డ్‌షైరులో యీ ముసలామె ఒక రైతును కాస్త మజ్జిగ అడిగింది. అతడు పొమ్మన్నాడు. కొన్నాళ్ళకు అతని దూడలు జబ్బుపడ్డాయి. అంతే! 1751 ఏప్రిల్‌లో ఆమెను నీటిలో ముంచి పరీక్షిస్తామని చుట్టుపట్ల సంతవూళ్ళలో దండోరా వేశారు. తేలితే మంత్రగత్తె అని వారి లెక్క. వేలమంది చూస్తుండగా ఆమెనూ, భర్తనూ కట్టి చెరువులో యీడ్చారు. ఆమె చనిపోయింది. ముందు నిలిచిన టామస్ కాలీ అనేవాడు 'వేడుక' చూపినందుకు జనంవద్ద డబ్బులు కూడా దండుకొన్నాడు. ఆగస్టులో అతణ్ణి హత్యానేరానికి ఉరితీస్తే, ఒక దుష్టురాలిని చంపినందుకు యింత శిక్షా అని జనం గొణిగారు.

ఇది చదివినప్పుడు నాకు మా యిల్లే గుర్తుకువచ్చింది. దీపాలు పెట్టిన తరువాత మజ్జిగ, ఉప్పు బయటికి ఇవ్వరాదని మా అమ్మమ్మ నియమం. కుండనిండా వుండగానే 'అయిపోయిందమ్మా' అనేది. ఆ రాత్రి పిల్లలకు ఒళ్ళు వెచ్చబడితే ఉప్పూ మిరపకాయలూ దిగదుడుస్తూ, 'సాయంత్రం వచ్చినామె చూపే' అనేది. ఆమె మా అమ్మమ్మ గనుక అక్కడితో ఆగింది.

అన్నిచోట్లా ఆగలేదు. తెలంగాణలో మెదకు ప్రాంతాన, ఎల్లకివతల బీదరు, గుల్బర్గా వైపున బాణామతి భయం ప్రబలింది. ఇళ్ళమీద రాళ్ళు పడ్డాయనీ, బట్టలు వాటంతట అవే అంటుకొన్నాయనీ చెప్పేవారు. అనుమానితులకు పళ్ళు ఊడగొట్టారు. పళ్ళు లేకుంటే మంత్రం సరిగా పలకదట! ఇంగ్లండువారి చెరువు పరీక్షకు యిది యేమాత్రం తీసిపోదు.

ఈ నగరంలోనే 1976లో బెంగుళూరు విశ్వవిద్యాలయం ఉపకులపతి హెచ్. నరసింహయ్యగారు మహిమలనూ, మూఢనమ్మకాలనూ శాస్త్రరీత్యా పరీక్షించటానికి ఒక సంఘాన్ని నియమించారు. ఆయన స్వస్థలం తెలుగు విరివిగా వినిపించే గౌరిబిదనూరు తాలూకా. ఎందరో పెద్దలకు ఆ సంఘం కంటగింపయింది. బాణామతి వంటి దురాచారాలపై కర్ణాటక శాసనసభ 2017లో ఆమోదించిన చట్టం 2020 జనవరిలో అమలులోకి వచ్చింది. పాము కరచినవానికి వైద్యం అందనీయక మంత్రం వేయటం కూడా అందులో నేరమే.