వాయిదాల మీద ఇంటికొచ్చిన పియానో

1881లో విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ అలబామా రాష్ట్రంలోని టస్కీగీలో నల్లజాతి యువతకు బడి పెట్టడానికి వెళ్లి, ముందుగా చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగాడు. ఒక గుడిసెలో భోజనానికి కూర్చున్నాడు. బల్ల చుట్టూ ఐదుగురు, తినడానికి ఫోర్కు ఒక్కటే. అదే గుడిసెలో ఎదురు మూలన ఒక ఆర్గాన్ ఉంది. దాని ఖరీదు 60 డాలర్లనీ, నెలనెలా వాయిదాలు కడుతున్నామనీ ఇంటివాళ్లు చెప్పారు. ఆత్మకథలో ఆయన దీన్ని అక్కరకు రాని ఖర్చుల వరసలోనే చేర్చాడు. ఆయన బాధ న్యాయమైనదే. అయినా బానిసత్వం వదిలి ఇరవయ్యేళ్లు కూడా కాని మనుషులు ఫోర్కులకంటే ముందు సంగీతాన్ని ఇంటికి తెచ్చుకున్నారంటే, దాన్ని దుబారా అనడానికి నాకు మనసొప్పదు. మీటల వాద్యం ఇంట్లో ఉండాలన్న ఆ ఆశే తర్వాతి ముప్పయ్యేళ్లలో అమెరికాను పియానోల దేశంగా మార్చింది.

మన పాత సినిమాల్లో పియానో అంటే పెద్ద మేడ, వంపు తిరిగిన మెట్లు, వాటి పక్కన నల్లగా మెరిసే వాద్యం, దాని ముందు కూర్చుని పాడే కథానాయకుడు. అందుకే అది కలవారి సొత్తని మన మనసుల్లో స్థిరపడిపోయింది. మొదట్లో అమెరికాలోనూ అంతే. దాని పుట్టిల్లు మాత్రం వేరే: ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో 1700 ప్రాంతంలో బార్తొలొమేయో క్రిస్టొఫోరి తొలి పియానోలు చేశాడు. మీట నొక్కగానే చిన్న సుత్తి తీగను తాకి వెనక్కి వచ్చేస్తుంది. వేలు మెత్తగా నొక్కితే నాదం మెత్తగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతుంది. ఆయన 1720లో చేసిన పియానో ఒకటి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది.

చెక్క చట్రాల పియానోలకు అమెరికా వాతావరణం పడలేదు. వేసవి ఉక్కకు చెక్క ఉబ్బేది, చలికాలం పొయ్యిల వేడికి ఎండి కుంచించుకునేది, శ్రుతి నిలిచేది కాదు. బోస్టన్‌లో ఆల్ఫియస్ బాబ్‌కాక్ 1825లో ఒకే ముక్కగా పోతపోసిన ఇనుప చట్రానికి పేటెంట్ తీసుకున్నాడు. అదే ఊరివాడు జోనాస్ చికరింగ్ 1843లో గ్రాండ్ పియానోకు అలాంటి చట్రాన్ని అమర్చాడు. 1850లో జర్మనీ నుంచి వలస వచ్చిన స్టైన్‌వెగ్ కుటుంబం, పేరును స్టైన్‌వేగా మార్చుకుని, 1853లో న్యూయార్క్‌లో కంపెనీ పెట్టింది. మంద్రస్థాయి తీగల్ని మిగతావాటి మీదుగా ఏటవాలుగా బిగించే పద్ధతికి గ్రాండ్ పియానోల్లో 1859లో ఆ కుటుంబమే పేటెంట్ పొందింది. పెద్ద పియానోలో 230 దాకా తీగలుంటాయి. వాటి బిగువంతా కలిపితే దాదాపు 20 టన్నుల లాగుడు. దాన్ని ఓర్చుకునేది ఆ ఇనుమే.

ఇక అమ్మకం. వాయిదాల పద్ధతి, ఊరూరా తిరిగే ఏజెంట్లు, ఆ తర్వాత సియర్స్ రోబక్ వంటి కంపెనీల క్యాటలాగులు కలిసి పియానోను కార్మికుడి ముందుగదిలోకి చేర్చాయి. 1909లో అమెరికాలో 3 లక్షల 60 వేలకు పైగా పియానోలు తయారయ్యాయి. మళ్లీ ఎన్నడూ ఆ సంఖ్య రాలేదు. నేర్పేవాళ్లూ అలాగే పెరిగారు. థియొడర్ ప్రెసర్ అనే ఉపాధ్యాయుడు 1876లో ఒహాయోలో సంగీతోపాధ్యాయుల జాతీయ సంఘానికి పునాది వేశాడు. 1883లో ఆయనే మొదలుపెట్టిన ‘ఎట్యూడ్’ మాసపత్రిక పాఠాలనూ వాయించుకునే స్వరపత్రాలనూ చిన్న ఊళ్ల టీచర్లకు చేరవేస్తూ 1957 దాకా నడిచింది.

ఈ ఆనందానికి చెల్లించిన మూల్యాన్ని దాచకూడదు. తెల్లమీటల మీది తొడుగు ఏనుగు దంతం. కనెక్టికట్ రాష్ట్రంలో డీప్ రివర్, ఐవరీటన్ అనే ఊళ్లు దంతాన్ని పలచగా కోసి మీటలకు అతికే పని మీదే బతికాయి. ఆ దంతం జాంజిబార్ రేవు నుంచి వచ్చేది. తూర్పు ఆఫ్రికా లోపలి నుంచి దాన్ని మోసుకొచ్చిన వాళ్లలో ఎందరో బానిసలు. ఇప్పుడు మీటలకు ప్లాస్టిక్ వాడుతున్నారు.

అమెరికాలో పియానో ఉన్న ఇల్లు, అది లేని పిల్లవాడికి కూడా కొంత ఇచ్చింది. స్వరకర్త స్కాట్ జోప్లిన్ తల్లి ఫ్లోరెన్స్ టెక్సార్కానాలో ఇళ్లు శుభ్రం చేసేది. ఆమె పని చేసే ఇంటి పియానో మీద కొడుకు సాధన చేశాడు. జూలియస్ వైస్ అనే జర్మన్ ఉపాధ్యాయుడు ఆ పిల్లవాడికి డబ్బు తీసుకోకుండా నేర్పాడు. 1899లో జోప్లిన్ ‘మేపుల్ లీఫ్ ర్యాగ్’ అచ్చయినప్పుడు ఒప్పందం ప్రతికి ఒక సెంటు రాయల్టీ. ఆ అచ్చుకాగితాలు దేశమంతా ఇళ్లలోని పియానోల మీదికెక్కాయి. కొన్నవాళ్లు ఎవరికి వాళ్లు వాయించుకుంటేనే ఆ సంగీతం వినబడేది. ఇప్పుడు మనం పాట కొనేదానికీ అప్పుడు వాళ్లు కొన్నదానికీ తేడా ఇదే.

న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో రష్యా నుంచి వచ్చిన గెర్ష్విన్ దంపతులు 1910లో పెద్దకొడుకు ఐరా కోసం పియానో కొన్నారు. దాన్ని తాళ్లతో పైకి లాగి, కిటికీలోంచి ఇంట్లోకి దించారు. ముందు దాని దగ్గర కూర్చున్నది మాత్రం చిన్నవాడు, తర్వాత పేరుమోసిన స్వరకర్త అయిన జార్జి. స్నేహితుడి ఇంట్లో దానంతటదే మోగే పియానోను చూసి, కదిలే మీటల వెంట వేళ్లు పెట్టి అప్పటికే నేర్చుకున్నాడు. ఎవరి కోసం కొన్నారో వాళ్లకే అబ్బాలన్న నియమం సంగీతానికి లేదు. పిల్లలకు పాఠాలు పెట్టించే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంట్లో ఉన్న పియానో ఎవరిదన్న ప్రశ్నను నాటకకర్త ఆగస్ట్ విల్సన్‌ లాగా లోతుగా అడిగినవాళ్లు తక్కువ. 1990లో పులిట్జర్ పొందిన ఆయన నాటకం ‘ద పియానో లెసన్’ 1936 నాటి పిట్స్‌బర్గ్‌లో జరుగుతుంది. ఇద్దరు బానిసల్ని మారకంగా ఇచ్చి తెల్ల యజమాని సంపాదించిన పియానో అది. ఆ ఇద్దరి రూపాల్నీ వాళ్లవాడే దాని చెక్క మీద చెక్కాడు. ఇప్పుడది ఆ వంశంవాళ్ల ఇంట్లో ఉంది. దాన్ని అమ్మి పొలం కొందామంటాడు తమ్ముడు, అమ్మనివ్వనంటుంది అక్క. ఎవరి మాటా కొట్టిపారేయలేం.

ఆ నాటకం జరిగే 1936 నాటికే పియానో రోజులు మారాయి. 1920లలో రేడియో వచ్చింది, ఆర్థిక మాంద్యం ముంచేసింది, 1932 నాటికి ఉత్పత్తి 1909లో ఉన్నదానిలో పదో వంతుకూ తక్కువైంది. రెండో ప్రపంచయుద్ధంలో స్టైన్‌వే ఫ్యాక్టరీ గ్లైడర్ విమానాలకు చెక్క భాగాలు చేసింది. సైనికుల కోసం పచ్చరంగు చిన్న పియానోలూ చేసి పంపింది. యుద్ధభూమికి పియానో ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఇల్లు గుర్తుకు రావడానికి.

ఇప్పుడు న్యూజెర్సీలో, డాలస్‌లో, బే ఏరియాలో తెలుగువాళ్ల ఇళ్లలో పిల్లలు వారానికో అరగంట పాఠానికి వెళుతున్నారు. డిజిటల్ పియానో హెడ్‌ఫోన్లతో అపార్ట్‌మెంట్ బతుకుకు సరిపోతుంది, తప్పేం లేదు. పియానో మీద గమకం పలకదు, నిజమే. కానీ మిడిల్ సి నుంచి పై సి దాకా తెల్లమీటలు వరసగా నొక్కితే శంకరాభరణం స్వరాలు వస్తాయి. రిషభానికీ ధైవతానికీ తెల్లమీట మాని, దాని ఎడమ పక్కనున్న నల్లమీట నొక్కితే మాయామాళవగౌళ. ఆ రాగంలోనే సరళీ స్వరాలు నేర్చుకున్న అమ్మమ్మ మనవరాలి పక్కన కూర్చుని ‘ఇది మా పాఠమే’ అనగలదు. అంత దగ్గరి చుట్టం ఈ వాద్యం.

ఇంకొక సంగతి. 1900ల తొలినాళ్ల పియానోలను ఇప్పుడు అమెరికాలో కొనేవాళ్లు లేక ఊరికే ఇచ్చేస్తున్నారు, కొన్నిటిని చెత్తకుప్పకు తోలుతున్నారు. ఎవరైనా ఇస్తామంటే వెంటనే ఒప్పుకోకండి. ముందు ట్యూనర్‌ను పిలిచి, శ్రుతి బిరడాలు బిగువు పట్టే స్థితిలో ఉన్నాయా, ఇనుప చట్రం ఎక్కడైనా పగిలిందా చూపించండి. మోసుకొచ్చే ఖర్చు, ఏడాదికి రెండుసార్లు శ్రుతి చేయించే ఖర్చు లెక్క వేసుకోండి. అన్నీ బాగుంటే తెచ్చుకోండి. తెచ్చాక పాఠం పిల్లలకే వదిలేయకుండా మీరూ రోజూ కాసేపు పియానో ముందు కూర్చోండి, నలభై దాటినా సరే.